క్యాన్సర్ కారకాలు కాలేయ ప్రొటీన్లకు ఎలా అంటుకుంటాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సంగతి మొదట ఎలా బయటపడింది?

1947లో, ఒక రంగు కడిగినా పోకపోవడం వల్ల బయటపడింది. బటర్ యెల్లో అనే అజో రంగు ఎలుకల్లో కాలేయ క్యాన్సర్ తెస్తుందని జపాన్‌లో 1930లలోనే తేలింది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ మిల్లర్, జేమ్స్ మిల్లర్ దంపతులు ఆ రంగు కలిపిన మేత తిన్న ఎలుకల కాలేయాన్ని రుబ్బి, అందులోని ప్రొటీన్లను ఆమ్లంతో అవక్షేపించారు. తర్వాత వాటిని ద్రావకాలతో మళ్లీ మళ్లీ కడిగారు. ఊరికే పట్టుకుని ఉన్న రంగైతే ఆ కడుగులోనే పోవాలి. అది పోలేదు. ఆమ్లంలో ఉంచితే ప్రొటీన్ గులాబీ రంగుకు తిరుగుతూనే ఉంది. అంటే రంగు అణువు ప్రొటీన్‌తో సమయోజనీయ బంధం (ఎలక్ట్రాన్లు పంచుకునే గట్టి రసాయన బంధం) కట్టుకుంది. ఇలా అంటుకుని ఏర్పడినదాన్ని అడక్టు అంటారు. క్యాన్సర్ కలిగించే రసాయనం ఒకటి శరీరంలోని పెద్ద అణువుతో రసాయనికంగా కలిసిపోతుందనడానికి దొరికిన మొదటి ఆధారం ఇదే.

ఇంకో రెండు విషయాలు కూడా అప్పుడే తేలాయి. రంగు కాలేయంలో అంటుకున్నంతగా మిగతా అవయవాల్లో అంటుకోలేదు. చివరికి పెరిగిన కణితిలో మాత్రం అంటుకున్న రంగు దాదాపు కనిపించలేదు. ఈ రెండో విషయం దగ్గర పరిశోధకులు చాలా ఏళ్లు ఆగిపోయారు. దాని సంగతి కింద చూద్దాం.

తిన్న రసాయనమే నేరుగా అంటుకుంటుందా?

చాలావాటి విషయంలో కాదు. బటర్ యెల్లో, అఫ్లటాక్సిన్ అనే బూజు విషం, వినైల్ క్లోరైడ్, డైమిథైల్ నైట్రోసమీన్ వంటి క్యాన్సర్ కారకాలు ఉన్నవి ఉన్నట్టుగా ప్రొటీన్ పక్కన ఎంతసేపున్నా దానికి అంటుకోవు. వాటిని నీటిలో కరిగేలా చేసి బయటకు పంపడం కాలేయం పని. సైటోక్రోమ్ పీ450 ఎంజైములు (పొట్టిగా సీవైపీ) ఆ పని మొదలుపెడతాయి. ఆక్సిజన్‌ను చేర్చే ఆ దశలో ఒక్కోసారి ఎలక్ట్రాన్ల కొరత ఉన్న అణువు పుడుతుంది. అదే ఎలక్ట్రోఫైల్. ఎలక్ట్రాన్లు పుష్కలంగా ఉన్న గంధకం, నత్రజని పరమాణువులు దగ్గర్లో కనిపిస్తే వాటితో బంధం కడుతుంది.

ఏ ఎంజైము ఏ పదార్థాన్ని మారుస్తుందో తెలిస్తే సగం కథ తెలిసినట్టే. అఫ్లటాక్సిన్ బి1ను సీవైపీ 1ఏ2, సీవైపీ 3ఏ4 ఎపాక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ వలయపు రూపంగా మారుస్తాయి. వినైల్ క్లోరైడ్, డైమిథైల్ నైట్రోసమీన్‌లను మార్చేది ప్రధానంగా సీవైపీ 2ఈ1. ఆరోమాటిక్ అమీన్లలో సీవైపీ 1ఏ2 మొదట నత్రజని మీద హైడ్రాక్సిల్ పెడుతుంది. ఆ తర్వాత సల్ఫేట్ లేదా ఎసిటైల్ గుంపు చేరితే, అది ఊడిపోయే క్షణంలో అసలు ఎలక్ట్రోఫైల్ బయటపడుతుంది.

కాలేయానికే ఎందుకు ఎక్కువ?

పేగులు పీల్చుకున్నది పోర్టల్ సిర గుండా ముందు అక్కడికే వెళ్తుంది, పీ450 ఎంజైములు ఎక్కువగా ఉన్నదీ అక్కడే. పుట్టిన ఎలక్ట్రోఫైల్‌లో చాలాభాగం ఎక్కువ దూరం పోలేదు, పుట్టిన కణంలోనే ఏదో ఒకదానికి తగులుకుంటుంది. సీవైపీ 2ఈ1, 1ఏ2, 3ఏ4లు లోబ్యూల్ అనే కాలేయపు చిన్న విభాగంలో మధ్య సిర చుట్టూ ఉన్న కణాల్లో దట్టంగా ఉంటాయి. అందుకే అనేక పదార్థాల విషయంలో అడక్టులు కూడా ఆ కణాల్లోనే గుమిగూడతాయి.

ప్రొటీన్‌లో ఎక్కడ అంటుకుంటుంది?

ముందు చూసేది సిస్టీన్ అనే అమైనో ఆమ్లం. దాని గంధకం మెత్తని న్యూక్లియోఫైల్, అంటే ఎలక్ట్రాన్లు ఇచ్చి బంధం కట్టేది. క్వినోన్ల వంటి మెత్తని ఎలక్ట్రోఫైళ్లు దాన్నే వెతుక్కుంటాయి. ఆల్డిహైడ్లు లైసీన్ అమైనో గుంపుతో షిఫ్ బేస్ అనే విడిపోగల బంధం కడతాయి. హిస్టిడీన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్, గొలుసు మొదట్లో ఉండే వాలీన్ కూడా లక్ష్యాలే. బటర్ యెల్లో నుంచి పుట్టిన ఎలక్ట్రోఫైల్ మెథియోనిన్ గంధకానికి కూడా అంటుకుంటుంది. అలా అంటుకున్న ప్రొటీన్‌ను క్షారంలో వేడి చేస్తే మిథైల్‌థయో గుంపుతో కూడిన రంగు విడిపడి వస్తుంది. బంధం ఎక్కడ ఉందో రుజువు చేయడానికి ఈ లక్షణమే పనికొచ్చింది.

డీఎన్‌ఏలోని గ్వానీన్ నత్రజని, ఆక్సిజన్‌లు కఠిన న్యూక్లియోఫైళ్లు. కాబట్టి ఒకే రసాయనం నుంచి పుట్టిన రెండు ఎలక్ట్రోఫైళ్లు రెండు దారుల్లో పోవచ్చు. వినైల్ క్లోరైడ్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని నుంచి మొదట పుట్టే క్లోరోఎథిలీన్ ఆక్సైడ్ ఎక్కువగా డీఎన్‌ఏ మీద పడుతుంది. అది రూపం మారి క్లోరోఎసిటాల్డిహైడ్ అయ్యాక ఎక్కువగా ప్రొటీన్లకు అంటుకుంటుంది. ప్రొటీన్ మీది లెక్క చూసి డీఎన్‌ఏ మీది లెక్క ఊహించేవారు ఈ తేడాను మరిచిపోతుంటారు.

అన్ని ప్రొటీన్లకూ సమానంగా అంటుకుంటుందా?

లేదు. ఎక్కువ మోతాదులో ఉన్నవి, అందుబాటులో సిస్టీన్ ఉన్నవి, ఎలక్ట్రోఫైల్ పుట్టిన చోటికి దగ్గరగా ఉన్నవి ముందు దొరుకుతాయి. ఒక్కోసారి ఎలక్ట్రోఫైల్‌ను తయారుచేసిన పీ450 ఎంజైమే దాని మొదటి బలి.

కాలేయ కణద్రవంలో రెండు ప్రొటీన్లకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఒకటి లిగాండిన్. బిలిరుబిన్, స్టెరాయిడ్లు, అజో రంగుల ఉత్పన్నాలు ఒకే ప్రొటీన్‌కు పట్టుకుంటున్నాయని 1971లో తేలింది, తర్వాత అది ఎలక్ట్రోఫైళ్లకు గ్లుటాథయోన్ అనే కణరక్షక అణువును అతికించే గ్లుటాథయోన్ ఎస్-ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమేనని గుర్తించారు. రెండోది కొవ్వు ఆమ్లాలను మోసే, సుమారు 14 కిలోడాల్టన్ల చిన్న ప్రొటీన్. అజో రంగులు, ఎసిటైల్ అమైనోఫ్లోరీన్ అనే ఇంకో క్యాన్సర్ కారకం పెట్టిన ఎలుకల్లో అడక్టులు ఎక్కువగా దీనిమీదే కనిపించాయి.

కీప్1 అనే ప్రొటీన్ కథ వేరు. దాని సిస్టీన్లకు ఎలక్ట్రోఫైల్ తగలగానే, అది అప్పటిదాకా అణచి ఉంచిన ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే జన్యు నియంత్రక ప్రొటీన్ నిలదొక్కుకుని కేంద్రకంలోకి వెళ్లి గ్లుటాథయోన్ తయారీని, ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైములను పెంచుతుంది. ఇక్కడ అంటుకోవడం నష్టం కాదు, కణానికి అందిన హెచ్చరిక.

ప్రొటీన్‌కు అంటుకుంటే క్యాన్సర్ వచ్చినట్టేనా?

కాదు. ఎక్కువ గందరగోళం ఈ ప్రశ్న దగ్గరే.

కణితిలో అంటుకున్న రంగు లేకపోవడం చూసి, పెరుగుదలను అదుపులో పెట్టే ప్రొటీన్ ఏదో రంగు దెబ్బకు పోయిందని, అది పోయినందువల్లే కణం అదుపు తప్పిందని అప్పట్లో ఒక వాదం చేశారు. వినడానికి బాగుంది గాని, చిక్కేమిటంటే ప్రొటీన్లు కొద్ది రోజుల్లో శిథిలమై కొత్తవి వస్తాయి. అడక్టు కూడా వాటితోపాటే పోతుంది. కణం విభజన చెంది తరతరాలకు ఇచ్చేది డీఎన్‌ఏలో మిగిలిన మార్పునే. 1960లలో డీఎన్‌ఏ అడక్టులు వరసగా బయటపడ్డాక మొగ్గు అటు తిరిగింది. కణితిలో రంగు లేకపోవడానికి కారణం కూడా అంత గూఢమైనదేమీ కాదు. కణితి కణాల్లో రసాయనాన్ని ఉత్తేజితం చేసే ఎంజైములు తగ్గిపోతాయి.

దీనికి అడ్డు ఉదాహరణ పారాసెటమాల్. మామూలు మోతాదులో కొద్ది భాగం ఎన్‌ఏపీక్యూఐ అనే క్వినోన్ ఇమీన్ అవుతుంది, దాన్ని గ్లుటాథయోన్ పట్టేస్తుంది. మోతాదు మరీ మించితే గ్లుటాథయోన్ సుమారు 70% తరిగిపోతుంది. అప్పుడు ప్రొటీన్ సిస్టీన్లకు అంటుకోవడం ఒక్కసారిగా పెరిగి కణాలు చనిపోతాయి. ప్రొటీన్‌కు ఇంతగా అంటుకునే ఈ మందును క్యాన్సర్ కారకంగా వర్గీకరించలేదు. ఇంకో వింత కూడా ఉంది. పారాసెటమాల్‌లో హైడ్రాక్సిల్ గుంపును మెటా స్థానానికి జరిపిన అణువు చిట్టెలుకల (మౌస్) కాలేయ ప్రొటీన్లకు దాదాపు అంతే మోతాదులో అంటుకున్నా వాటి కాలేయాన్ని దెబ్బతీయలేదు. మొత్తం ఎంత అంటుకుందన్నదానికన్నా ఏ ప్రొటీన్‌కు, కణంలో ఏ భాగంలో అంటుకుందన్నదే ముఖ్యమని ఇది చెబుతుంది.

మరి ప్రొటీన్ అడక్టులను కొలవడం దేనికి? నిప్పు లేనిదే పొగ రాదు. ప్రొటీన్ మీద అడక్టు ఉందంటే ఆ కణంలో ఎలక్ట్రోఫైల్ పుట్టిందని ఖాయం. డీఎన్‌ఏను కణం మరమ్మతు చేసుకుంటుంది గనుక దాని మీది అడక్టు త్వరగా మాయమవుతుంది. ప్రొటీన్ అడక్టును అలా ఎవరూ కత్తిరించరు, స్థిరమైనదైతే ఆ ప్రొటీన్ బతికినంతకాలం ఉంటుంది. పైగా రక్తంలో కావలసినంత దొరుకుతుంది.

అఫ్లటాక్సిన్ విషయంలో ఏం జరుగుతుందో వరసగా చెప్పగలరా?

ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు మొక్కజొన్న, వేరుశనగ వంటి వాటి మీద పెరిగినప్పుడు తయారయ్యే విషం ఇది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు వెలుగులోకి వచ్చింది.

కాలేయంలో పీ450 ఎంజైములు దీన్ని 8,9-ఎపాక్సైడ్‌గా మారుస్తాయి. ఎక్సో, ఎండో అనే రెండు రూపాల్లో డీఎన్‌ఏతో చర్య జరిపేది ఎక్సో రూపం. నీటిలో దాని అర్ధాయువు దాదాపు ఒక సెకను. ఆ కొద్ది వ్యవధిలో దానికి మూడు దారులున్నాయి. గ్లుటాథయోన్ ట్రాన్స్‌ఫరేజ్ పట్టుకుంటే గ్లుటాథయోన్‌తో కలిసి, రూపం మారి మూత్రంలో పోతుంది. డీఎన్‌ఏను చేరితే గ్వానీన్ ఏడో నత్రజనికి అంటుకుంటుంది. నీటితో కలిస్తే డైహైడ్రోడయోల్ అవుతుంది.

ప్రొటీన్ కథ ఈ మూడో దారిలో ఉంది. డైహైడ్రోడయోల్ వలయం తెరుచుకుని డైఆల్డిహైడ్ అవుతుంది, క్షార గుణం పెరిగినకొద్దీ ఈ మార్పు ఎక్కువ. ఆ ఆల్డిహైడ్ లైసీన్‌తో షిఫ్ బేస్ కట్టి, తర్వాత లోపలే సర్దుకుని విడిపోని అడక్టుగా స్థిరపడుతుంది. రక్తంలోని ప్రధాన ప్రొటీన్ ఆల్బుమిన్ తయారయ్యేది కాలేయ కణంలోనే గనుక అక్కడే దీనికి దొరికిపోతుంది. ఏకేఆర్7ఏ కుటుంబపు రిడక్టేజ్ ఎంజైములు డైఆల్డిహైడ్‌ను ఆల్కహాల్‌గా మార్చేసి ఈ అంటుకోవడాన్ని తగ్గిస్తాయి.

జాతిని బట్టి తేడా చాలా పెద్దది. కిలో మేతలో 100 మైక్రోగ్రాములున్నా రాట్ జాతి ఎలుకల్లో కాలేయ కణితులు వస్తాయి. ఎదిగిన చిట్టెలుకలు (మౌస్) మాత్రం బాగా తట్టుకుంటాయి, వాటి ట్రాన్స్‌ఫరేజ్ ఎపాక్సైడ్‌ను అతివేగంగా పట్టేస్తుంది. మనిషి ట్రాన్స్‌ఫరేజ్‌లకు అంత చురుకుదనం లేదు.

బంధం కట్టకుండానే ప్రొటీన్‌ను పట్టుకునే క్యాన్సర్ కారకాలు ఉన్నాయా?

ఉన్నాయి. టీసీడీడీ అనే డయాక్సిన్ పెద్దగా మార్పు చెందదు, డీఎన్‌ఏకు అంటుకోదు. కణద్రవంలో హెచ్‌ఎస్‌పీ90 అనే సహాయక ప్రొటీన్‌తో కలిసి ఉండే ఏహెచ్ రిసెప్టర్ గూటిలో అతి తక్కువ గాఢతలోనే కూర్చుంటుంది. రిసెప్టర్ కేంద్రకంలోకి వెళ్లి, ఆర్న్ట్ అనే జతగాడితో కలిసి సీవైపీ 1ఏ1 వంటి జన్యువులను మేల్కొలుపుతుంది. టీసీడీడీని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మొదటి వర్గంలో (మనుషుల్లో క్యాన్సర్ కారకాలు) చేర్చింది. కింద చెప్పబోయే కడిగి లెక్కించే పద్ధతిలో ఇలాంటివి దొరకవు, కడుగులోనే పోతాయి. వీటికి రిసెప్టర్ బంధన పరీక్షలు వేరే ఉన్నాయి.

ప్రయోగశాలలో ఎంత అంటుకుందో ఎలా కొలుస్తారు?

రేడియోధార్మిక కార్బన్-14 ఉన్న రసాయనం, కాలేయ మైక్రోసోములు (పీ450 ఎంజైములున్న పొర ముక్కలు) వాడి చేసే పద్ధతి అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ నమ్మదగినది.

మైక్రోసోముల తయారీ: కాలేయాన్ని మంచు మీద, గ్రాముకు 3 మిల్లీలీటర్ల చొప్పున చల్లని 1.15% పొటాషియం క్లోరైడ్‌లో రుబ్బాలి. సెంట్రిఫ్యూజ్‌లో 9,000 జి (గురుత్వానికి 9,000 రెట్ల బలం) వద్ద 20 నిమిషాలు తిప్పి అడుగున దిగింది పారేయాలి. పైతేటను 1,05,000 జి వద్ద గంటసేపు తిప్పితే అడుగున చేరేవే మైక్రోసోములు. వాటిని పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో కలిపి, ప్రొటీన్ కొలిచి, మైనస్ 80 డిగ్రీల దగ్గర చిన్న చిన్న భాగాలుగా దాచాలి. గ్లైకోజెన్ తగ్గాలని జంతువును రాత్రంతా పస్తు ఉంచే అలవాటుంది. పస్తు వల్ల సీవైపీ 2ఈ1 పెరుగుతుంది, గ్లుటాథయోన్ తగ్గుతుంది. నైట్రోసమీన్ల మీద పని చేసేవారు ఈ సంగతి రాసిపెట్టుకోవాలి.

చర్య: మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము మైక్రోసోమ్ ప్రొటీన్, 10 మైక్రోమోలార్ రసాయనం, 100 మిల్లీమోలార్ ఫాస్ఫేట్ బఫర్. 37 డిగ్రీల దగ్గర 3 నిమిషాలు ఉంచి, పీ450కి ఎలక్ట్రాన్లు అందించే ఎన్‌ఏడీపీహెచ్ 1 మిల్లీమోలార్‌తో మొదలుపెట్టి 60 నిమిషాలు నడపాలి. రసాయనాన్ని కరిగించిన ద్రావకం 1% మించకూడదు. డీఎంఎస్‌ఓ అనే ద్రావకమైతే అంతకన్నా తక్కువ ఉన్నా సీవైపీ 2ఈ1ను అణచివేస్తుంది, అక్కడ అసిటోనైట్రైల్ మేలు.

పోలిక కోసం పక్కన నాలుగు గొట్టాలు తప్పనిసరి: ఎన్‌ఏడీపీహెచ్ లేనిది, సున్నా నిమిషాలకే ఆపినది, మరిగించి చంపిన మైక్రోసోములది, 5 మిల్లీమోలార్ గ్లుటాథయోన్ కలిపినది. చివరి గొట్టంలో అంటుకోవడం బాగా తగ్గితే పుట్టింది ఎలక్ట్రోఫైలేనని ధైర్యంగా చెప్పొచ్చు.

కడగడం: నాలుగింతల చల్లని అసిటోన్ పోసి చర్య ఆపి, ముద్దను 80% మెథనాల్‌తో కడగాలి. ముద్దను ప్రతిసారీ పూర్తిగా చితక్కొట్టాలి, గడ్డ లోపల చిక్కుకున్న రసాయనం కడుగుకు అందదు. ఇన్నిసార్లు అని లెక్క పెట్టుకోవడం కన్నా, తీసిన ద్రవంలో రేడియోధార్మికత నేపథ్య స్థాయికి దిగేదాకా కడగడం సరైన పద్ధతి. చివరికి 1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో 55 డిగ్రీల దగ్గర కరిగించి, కొంత ప్రొటీన్ కొలతకు, మిగతాది సింటిలేషన్ లెక్కకు (రేడియోధార్మికతను కాంతి మెరుపులుగా లెక్కించడానికి) పంపాలి. కడుగుల్లో ప్రొటీన్ కొంత పోతుంది కాబట్టి మొదట్లో వేసిన 1 మిల్లీగ్రామునే లెక్కలో వాడితే ఫలితం తక్కువ వస్తుంది.

లెక్క ఎలా వేయాలి?

రసాయనపు విశిష్ట క్రియాశీలత మిల్లీమోల్‌కు 50 మిల్లీక్యూరీలు అనుకుందాం. 1 మిల్లీక్యూరీ అంటే నిమిషానికి 222 కోట్ల విఘటనాలు. కాబట్టి 1 పికోమోల్ నిమిషానికి 111 విఘటనాలు ఇస్తుంది. నమూనాలో 4,440 వచ్చి, ఎన్‌ఏడీపీహెచ్ లేని గొట్టంలో 1,110 వస్తే, తేడా 3,330. దాన్ని 111తో భాగిస్తే 30 పికోమోల్‌లు. లెక్కించిన భాగంలో ప్రొటీన్ 0.5 మిల్లీగ్రాము ఉంటే ఫలితం మిల్లీగ్రాముకు 60 పికోమోల్‌లు. మందుల కంపెనీలు మిల్లీగ్రాముకు 50 పికోమోల్‌ల దగ్గర ఒక హెచ్చరిక గీత గీసుకునే అలవాటుంది. అది ముందుజాగ్రత్త గీతే, భద్రతకూ ప్రమాదానికీ మధ్య సరిహద్దు కాదు.

ఎక్కడెక్కడ తప్పులు దొర్లుతాయి?

అన్నిటికన్నా మోసపూరితమైనది డైమిథైల్ నైట్రోసమీన్ వంటి వాటితో జరిగే పొరపాటు. వీటి నుంచి ఫార్మాల్డిహైడ్ పుడుతుంది. బతికున్న జంతువులో ఆ కార్బన్ ఏక కార్బన్ జీవక్రియలోకి చేరి, మామూలు అమైనో ఆమ్లాల్లోకి వెళ్లి, కొత్త ప్రొటీన్‌లో భాగమైపోతుంది. ఎంత కడిగినా పోదు, అడక్టు లాగే కనిపిస్తుంది. ప్రొటీన్‌ను పూర్తిగా జలవిశ్లేషణ చేసి, మిథైల్ హిస్టిడీన్, మిథైల్ సిస్టీన్ వంటి అసలైన అడక్టులను విడదీసి చూడటమే దారి.

కార్బన్-14 బదులు ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) వాడితే ఆ హైడ్రోజన్ నీటితో మార్పిడి కావచ్చు, లేదా జీవక్రియలో ఆ స్థానమే ఊడిపోవచ్చు. షిఫ్ బేసులు ఆమ్లంలో విడిపోతాయి, అవక్షేపించడానికి ముందే సోడియం బోరోహైడ్రైడ్‌తో క్షయకరణం చేయకపోతే కడుగులో పోయి ఫలితం తక్కువ చూపిస్తుంది. క్షారంలో కరిగించిన నమూనాను తటస్థం చేయకుండా సింటిలేషన్ ద్రవంలో పోస్తే రసాయన కాంతి పుట్టి లెక్క ఉబ్బిపోతుంది. తటస్థం చేసి, కొన్ని గంటలు చీకట్లో ఉంచి మళ్లీ లెక్కించండి. అంకె దిగిపోతూ ఉంటే కారణం ఆ కాంతే.

అసలు బంధం ఉందా లేదా అనే అనుమానం ఇంకా మిగిలితే ప్రొటీన్‌ను, ఊరికే పట్టుకున్నదాన్ని విడదీసే ఎస్‌డీఎస్ జెల్ మీద నడపాలి. పట్టీలో రేడియోధార్మికత నిలిస్తే బంధం ఉన్నట్టే. ఏ అమైనో ఆమ్లం మీద ఉందో తేలాలంటే ట్రిప్సిన్‌తో ముక్కలు చేసి మాస్ స్పెక్ట్రోమీటరులో చూడాలి.

రక్త పరీక్షలో ఆల్బుమిన్ అడక్టు ఏం చెబుతుంది?

గత రెండు మూడు నెలల్లో శరీరంలోకి ఎంత అఫ్లటాక్సిన్ వెళ్లిందో చెబుతుంది. మనిషి ఆల్బుమిన్ అర్ధాయువు సుమారు 20 రోజులు. రోజూ ఒకే మోతాదు అందుతుంటే అడక్టు పేరుకుని, ఒక రోజు మోతాదు ఇచ్చేదానికి దాదాపు 29 రెట్ల దగ్గర నిలకడపడుతుంది. హిమోగ్లోబిన్ అడక్టులైతే, ఎర్ర కణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి, 60 రెట్లు. మూత్రంలో గ్వానీన్ అడక్టు గత ఒకటి రెండు రోజుల సంగతే చెబుతుంది. రాట్ ఆల్బుమిన్ రెండు మూడు రోజుల్లోనే సగం అవుతుంది కాబట్టి దాని అంకెలను మనిషికి నేరుగా అన్వయించకూడదు.

క్యాన్సర్ ఉందో లేదో ఈ పరీక్ష చెప్పదు. ఒక వ్యక్తికి వస్తుందో రాదో కూడా చెప్పదు. జనసమూహాల మధ్య పోలికకు ఇది బలమైన సాధనం. షాంఘైలో జరిగిన అధ్యయనంలో మూత్రంలో అఫ్లటాక్సిన్ ఆనవాళ్లున్నవారికి కాలేయ క్యాన్సర్ ముప్పు 3.4 రెట్లు, హెపటైటిస్ బి ఉన్నవారికి 7.3 రెట్లు, రెండూ ఉన్నవారికి 59 రెట్లు కనిపించింది.

అంటుకోవడాన్ని తగ్గించే మార్గం ఉందా?

కలుషిత ఆహారాన్ని దూరం పెట్టడం అన్నిటికన్నా బలమైన మార్గం. గింజలను త్వరగా ఆరబెట్టడం, బూజు పట్టినవాటిని ఏరేయడం ముఖ్యం. వండినంత మాత్రాన అఫ్లటాక్సిన్ పోదు. హెపటైటిస్ బి టీకా అడక్టులను నేరుగా తగ్గించదు గాని, ఇందాకటి 59 రెట్ల లెక్కలో ఒక కాలు విరగ్గొడుతుంది.

మందుల విషయానికొస్తే, చైనాలోని చీడాంగ్‌లో 180 మందితో జరిగిన ప్రయోగంలో రోజుకు మూడుసార్లు 100 మిల్లీగ్రాముల క్లోరోఫిలిన్ (పత్రహరితం నుంచి చేసిన పదార్థం) నాలుగు నెలలు ఇస్తే మూత్రంలో గ్వానీన్ అడక్టు 55% తగ్గింది. క్లోరోఫిలిన్ పేగులోనే అఫ్లటాక్సిన్‌తో జతకట్టి లోపలికి పోనివ్వదని భావిస్తున్నారు. తగ్గింది అడక్టు, క్యాన్సర్ తగ్గిందని ఆ ప్రయోగం చూపలేదు.

నమూనాను ఎలా దాచాలి, ఫలితాన్ని ఎలా రాయాలి?

అఫ్లటాక్సిన్-లైసీన్ అడక్టు గట్టిది, సీరమ్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏళ్ల తరబడి ఉంచినా నిలుస్తుంది. అయినా మళ్లీ మళ్లీ కరిగించకుండా చిన్న భాగాలుగా దాచడం మంచిది. కొలిచే ముందు ప్రోనేజ్ ఎంజైముతో ఆల్బుమిన్‌ను అమైనో ఆమ్లాల దాకా జీర్ణం చేసి, డ్యుటీరియం ఉన్న అఫ్లటాక్సిన్-లైసీన్‌ను అంతర్గత ప్రమాణంగా కలపాలి. దాన్ని జీర్ణక్రియకు ముందే కలిపితే శుద్ధి దశల్లో జరిగే నష్టం దానంతట అదే సరిపోతుంది. ఆలస్యంగా కలిపితే అంతకుముందు పోయినది లెక్కకు రాదు.

ఫలితాన్ని మిల్లీలీటరు సీరమ్‌కు కాకుండా మిల్లీగ్రాము ఆల్బుమిన్‌కు ఇన్ని పికోగ్రాములని రాయాలి. కాలేయ జబ్బు ఉన్నవారిలో ఆల్బుమిన్ తగ్గి ఉంటుంది. సీరమ్ లెక్కన రాస్తే వాళ్లకు తక్కువ విషం అందినట్టు కనిపిస్తుంది. ఏ పద్ధతో కూడా తప్పక రాయండి. ఎలీసా అనే పరీక్షలోని యాంటీబాడీ అఫ్లటాక్సిన్-లైసీన్‌తోపాటు దానికి దగ్గరి రూపాలను కూడా పట్టుకుంటుంది, అందుకే అదే నమూనాకు మాస్ స్పెక్ట్రోమీటర్ కన్నా ఎక్కువ చూపిస్తుంది. ఒక ఊళ్లో ఎలీసాతో, ఇంకో ఊళ్లో మాస్ స్పెక్ట్రోమీటరుతో కొలిచి రెండిటినీ ఒకే పట్టికలో పెట్టకూడదు.